డేగ చదివిన చివరి వరుస

డిపోలో అందరూ అతన్ని డేగ అనేవాళ్ళు. అమ్మానాన్నా పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ అవసరం పడేది కాదు. యాభై దాటిన బస్సు డ్రైవరుకి ఆ పేరు రావడానికి కారణం ఏటా డిపోలో జరిగే కంటి పరీక్ష. తోటి డ్రైవర్లు కళ్ళు నులుముకుని, మెడ ముందుకు సాచి, తడుముకుంటూ ఎలాగో గట్టెక్కేవాళ్ళు. మనవాడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, పై వరుస నుంచి కింది వరుస దాకా గడగడా చదివేసి, "ఇంకేమైనా ఉందా సార్?" అని అడిగేవాడు.

ఆ గదిలో చూడవలసింది పెద్దగా ఏమీ లేదు. ఈ చివర డాక్టరుగారి బల్ల, ఆ చివర గోడకి అక్షరాల చార్టు, దాని కింద పాత కాయితాలు కుక్కిన గోధుమరంగు ఇనప బీరువా. తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండేది, ఎందుకంటే ఒకసారి మూస్తే మళ్ళీ తెరుచుకునేది కాదు. బయట బల్ల మీద మిగతా డ్రైవర్లు తమ వంతు కోసం కూర్చునేవాళ్ళు. లోపల ఒకడు చదువుతుంటే బయట డిపో అంతా వినేది. ఇందులో వింతేమైనా ఉందని డాక్టరుగారితో సహా ఎవరికీ ఎన్నడూ తోచలేదు.

కళ్ళు డేగవే గానీ జ్ఞాపకం మాత్రం చిల్లుకుండ. సబ్బు తెమ్మంటే కొవ్వొత్తులు తెచ్చేవాడు. పక్కింటావిడ తాళంచెవి అప్పగించి వెళితే, దాన్ని జేబులో వేసుకుని బస్సు తోలుకుంటూ ఊరవతలికి పోయేవాడు. "ఎవరినైనా అడిగి గుర్తు చేయించుకోండి" అని భార్య అంటే, "ఎందుకే, గుర్తుంటుందిలే" అనేవాడు. ఆ మాట అన్నాడంటే ఇక ఆ పని అయినట్టే అని ఆమె ఆశ వదులుకునేది.

కొత్త బస్సులు వచ్చిన ఏడు డ్రైవర్లకి తలా ఒక పుస్తకం ఇచ్చి చదువుకుని రమ్మన్నారు. డేగ ఎర్రపెన్సిలు పట్టుకుని ముఖ్యమనిపించిన ప్రతి మాట కిందా గీత గీశాడు. ముఖ్యం కాని మాట అతనికి ఒక్కటీ తగల్లేదు. పుస్తకమంతా ఎర్రబడ్డాక మళ్ళీ చదివాడు, మళ్ళీ చదివాడు. చదివేకొద్దీ ప్రతి వాక్యమూ పాత చుట్టంలా పలకరించేది. "ఇదీ తెలిసిందే, ఇదీ తెలిసిందే" అనుకుంటూ పేజీలు తిప్పి, "కొట్టినపిండే" అని భార్యతో అన్నాడు. మర్నాడు శిక్షణ ఇచ్చే పెద్దమనిషి పుస్తకం పక్కన పెట్టించి, "బ్రేకుకి గాలి అందకపోతే మొదట ఏం చేస్తావయ్యా?" అని అడిగాడు. జవాబు ఎడమవైపు పేజీలో అడుగున ఉంటుందని తప్ప డేగకి ఇంకేమీ గుర్తు రాలేదు.

అప్పటినుంచి తన గురించి అతనికి రెండు నిజాలు ఖాయమైపోయాయి. ఒకటి, తన చూపు అద్భుతం. రెండు, తన జ్ఞాపకం సున్నా. రెండూ తప్పే. అయినా మనిషి తన గురించి తాను నమ్మినంత గట్టిగా దేవుణ్ణి కూడా నమ్మడు.

అతని బస్సులో కండక్టరు చిన్నప్పటినుంచీ లావుపాటి కళ్ళద్దాలు పెట్టుకున్నవాడు. అతనికి సోడాబుడ్డి అని పేరు పెట్టింది డేగే.

"ఒరేయ్ సోడాబుడ్డీ, ముందు సీట్లో ఉన్నది మనిషా, మూటా? మనిషైతే టిక్కెట్టు కొట్టు" అని ప్రయాణికులందరికీ వినబడేలా అరిచేవాడు.

"నీ కళ్ళు చల్లగుండ, నువ్వున్నావు కదన్నా, నాకెందుకు బెంగ" అని నవ్వేసేవాడు కండక్టరు. పాపం, మంచివాడు.

డేగకి ఒక్కతే కూతురు. కళ్ళు పరీక్షించే కోర్సు చదువుతోంది. ఆ పిల్ల చదివే పద్ధతి చూస్తే తండ్రికి నవ్వొచ్చేది. ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, గోడవైపు తిరిగి ఆ గోడకి పాఠం చెప్పేది. మధ్యలో ఆగిపోయేది, జుట్టు పీక్కునేది, మళ్ళీ పుస్తకం తెరిచేది.

"ఎందుకమ్మా ఆ అవస్థ? ఎదురుగా పుస్తకం ఉంది కదా, హాయిగా చూసి చదువుకోక" అన్నాడొకసారి.

"చూస్తున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటాయి నాన్నా. మూస్తేనే నా బండారం బయటపడేది."

"నా పోలికే వచ్చింది నీకు. జ్ఞాపకం తక్కువ" అని జాలిపడ్డాడు తండ్రి.

ఆ పిల్లకి ప్రాక్టికల్ పరీక్ష దగ్గరపడింది. ఎవరినైనా కూర్చోబెట్టి చూపు పరీక్షించడం సాధన చెయ్యాలి. ఇంట్లో డేగ ఉండగా వేరే మనిషి దేనికి? ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళ అంతస్తు పొడవునా ఉన్న వరండాలో ఆ చివర కొత్త చార్టు తగిలించి, ఈ చివర తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టింది. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చూసేవాళ్ళుంటే డేగకి మరీ హుషారు.

పై అక్షరం గుమ్మడికాయంత ఉంది. చదివాడు. రెండో వరుస చదివాడు. మూడో వరుస నుంచి బండి టాప్ గేరులో పడింది. కూతురు చేతిలో పెన్సిలు ఆగిపోయింది గానీ అతను గమనించలేదు.

"ఆఖరుది?"

"బ ర గ ల ట న" అని, అలవాటు కొద్దీ, "ఇంకేమైనా ఉందా సార్?" అన్నాడు కన్నకూతుర్ని పట్టుకుని.

పక్కింటావిడ చప్పట్లు కొట్టింది. కూతురు నవ్వలేదు.

"నాన్నా, వేళాకోళం వద్దు. సరిగ్గా చదువు."

"సరిగ్గానే చదివాను కదే."

"ఆ వరుసలో అక్షరాలే లేవు నాన్నా. అంకెలున్నాయి."

డేగ లేచి వెళ్ళాడు. చార్టు ముందు నిలబడి వెనక్కీ ముందుకీ జరిగి, ఎక్కడో ఒకచోట ఆ వరుసని పట్టుకున్నాడు. అంకెలే.

"ఎక్కడ కొన్నావే ఈ చార్టు? ఇది తప్పు సరుకు. అసలైనది మా డిపోలో ఉంది."

"నువ్వు చూడటం లేదు నాన్నా" అంది కూతురు నెమ్మదిగా. "గుర్తుచేసుకుంటున్నావు."

"నాకు గుర్తా! మీ అమ్మనడుగు!"

అమ్మ వంటింటి గుమ్మంలోనే ఉంది. ఆయన మతిమరుపు మీద సాక్ష్యం చెప్పడానికి ఎప్పుడూ ముందుండే మనిషి, ఆవేళ మాత్రం చార్టుకేసీ ఆయనకేసీ మార్చి మార్చి చూసింది.

అన్నిటికంటే భయపెట్టిన సంగతేమిటంటే, అతను అబద్ధమాడలేదు. ఆ చివర అతనికి బ నిజంగానే కనబడింది. పక్కన ర కూడా కనబడింది. ఏటా బల్ల మీద కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, ముందువాళ్ళ గొంతుల్లో విని విని, తన వంతు వచ్చినప్పుడు పైకి చెప్పి చెప్పి, ఎన్నడూ నేర్చుకోవాలని అనుకోనిది పొల్లుపోకుండా నేర్చేసుకున్నాడు. నేర్చుకున్నట్టు తనకే తెలియదు. ఎర్రపెన్సిలుతో కుస్తీపట్టిన పుస్తకంలోది ఒక్క ముక్కా నిలవలేదు. ఇది మాత్రం కళ్ళలోకి ఎక్కి కూర్చుంది.

కూతురు అప్పటికప్పుడు అట్టల మీద కొత్త అక్షరాలు రాసి చూపించింది. రెండో వరుస దాటలేకపోయాడు.

"దూరమూ దగ్గరా రెండూ తగ్గాయి నాన్నా. అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. డిపోలో చెప్పు."

సరిపోతుంది అన్నంత తేలిక కాదు అక్కడ. చూపు తగ్గిందని తేలినవాణ్ణి ముందు స్టీరింగు మీదనుంచి దింపి టైర్ల గదికి పంపుతారు. అద్దాలు వచ్చి, మళ్ళీ పరీక్ష జరిగి, పైవాళ్ళు సరే అనాలి. డేగకి బండి నేర్పిన గురువు అలాగే, "నాలుగురోజుల ముచ్చటరా" అంటూ టైర్ల గదికి వెళ్ళాడు. పైవాళ్ళకి ఆయన సంగతి గుర్తు రానేలేదు. ఉద్యోగం దిగిపోయేదాకా ఆయన అక్కడే టైర్లు దొర్లించాడు. కుర్రతనం నుంచీ స్టీరింగు పట్టిన చేతులతో టైర్లు దొర్లించడం డేగ ఊహకే అందలేదు.

"పరీక్ష వచ్చేవారమే కదా. ఎప్పట్లా చదివేస్తాను. ఎలాగూ నోటికొచ్చు" అన్నాడు.

"నేనొచ్చి మీ డాక్టరుకి చెప్పను నాన్నా. చెబితే నువ్వే చెప్పాలి."

"రోడ్డంటే అక్షరాలు కాదమ్మా. మా రోడ్డు నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు."

"అదే నా భయం" అంది కూతురు.

ఆ భయం నిజమని చూపించడానికి రోడ్డు ఎక్కువ రోజులు తీసుకోలేదు. మార్కెట్ దాటాక బడిగోడ పక్కన ఒక మలుపుంది. ఆ మలుపు డేగ ఎన్ని వేలసార్లు తిరిగాడో. ఆ రోజూ అలాగే, నోట్లో ఏదో కూనిరాగం తీస్తూ తిప్పాడు. వెనకనుంచి గంట ఆగకుండా మోగింది.

"అన్నా, గొయ్యి! గొయ్యి! ఆపు!"

బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. బస్సు ముక్కు వాలి, జనమంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. గొట్టాలు వెయ్యడానికి పొద్దున్నే తవ్విన గొయ్యి అది. చుట్టూ రాళ్ళూ, కర్రకి కట్టిన ఎర్రగుడ్డా ఉన్నాయి. గొయ్యి అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని, ఒక కూలిమనిషి డబ్బా తెరిచి తింటున్నాడు. ముందు చక్రానికీ ఆ మనిషికీ మధ్య ఆ డబ్బా మూత పట్టేంత జాగా ఉంది. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఎర్రగుడ్డ కనబడలేదా అన్నా?" అన్నాడు కండక్టరు, అద్దాలు తుడుచుకుంటూ.

"కనబడిందిరా. ఆఖర్లో కనబడింది."

అతనికి కనబడింది గొయ్యి లేని రోడ్డు. నిన్నటి రోడ్డు. ఎండలో నున్నగా, ఖాళీగా, కళ్ళకు కట్టినట్టు కనబడింది.

ఆ పూట ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. ముద్ద ఎత్తితే ఆ కూలిమనిషి ముద్దే ఎదురుగా నిలబడింది. ఈసారి డాక్టరు ముందు కనబడిందే చదువుతాను, లేనిది చదవను అని తీర్మానించుకున్నాడు. చదవకుండా ఉండాలంటే ముందు మరిచిపోవాలి కదా. మరిచిపోవడంలో లోకంలో ఎవరైనా తన తర్వాతే అనుకున్న మనిషికి ఆ ఆరక్షరాలు మరపుకి రాలేదు. మరిచిపోదామని తలుచుకున్నప్పుడల్లా ఇంకోసారి వల్లెవేసినట్టయ్యేది. భార్య సబ్బుకి పంపితే దుకాణం ముందు నిలబడ్డాక నోటికి వచ్చింది బ ర గ ల ట న. అలాంటి సరుకు లేదన్నాడు దుకాణదారు.

పరీక్ష రోజు వచ్చింది. డేగ వంతు వచ్చేసరికి బల్ల మీద వాళ్ళు సగం మంది అయిపోయారు. అందరూ ఆఖరు వరుస దాకా చదివి, సంతకాలు పెట్టించుకుని బయటపడ్డారు. డాక్టరుగారు తల వంచుకుని రాసుకుంటూ వింటున్నారు. ఎప్పుడూ అంతే. చిన్నపిల్లల చేత ఎక్కం చెప్పించుకునే పంతులులా, ఎక్కడైనా తప్పు దొర్లితే తప్ప తలెత్తరు.

"నువ్వా! నీకు పైవన్నీ ఎందుకులే. ఆఖరుది చదివి పో" అన్నారు.

"బ..." అంది డేగ నోరు, అతన్ని అడక్కుండానే. గబుక్కున నాలుక కరుచుకున్నాడు. కళ్ళు చికిలించి చూశాడు. ఆ చివర తెల్లగా మసక, దాని కింద గోధుమరంగు మసక. అక్కడ బ ఉందా అంటే ఉన్నట్టే ఉంది. లేదనుకుంటే లేనట్టే ఉంది. చూస్తున్నదేదో, గుర్తొస్తున్నదేదో విడదియ్యడం తనవల్ల కాదని తేలిపోయింది.

"సార్, నాకు ఆఖరు వరుస కనబడటం లేదు."

బయట బల్ల మీది తలలన్నీ గుమ్మంలోకి వంగాయి.

"హాస్యాలాడకయ్యా. డేగవి నీకే కనబడకపోతే ఇంకెవరికి కనబడుతుంది? పొద్దుట్నించి అందరూ చదివారు."

"వాళ్ళకి కనబడిందేమో సార్. నాకు కనబడలేదు."

డాక్టరుగారు విసుక్కుంటూ లేచారు. చార్టు దాకా నడిచారు. అక్కడ చాలాసేపు నిలబడిపోయారు. ఆఖరు వరుస లేదు. అంటే ఉంది, బీరువా వెనకాల ఉంది.

"ఈ బీరువా ఇక్కడికెప్పుడొచ్చింది?" అని అటెండరుని అడిగారు.

"రెండేళ్ళయింది సార్. అవతలి గది కురుస్తోందని తమరే జరిపించారు కదా."

డిపో డిపో అంతా రెండేళ్ళుగా ఇనపరేకు లోంచి అక్షరాలు చదువుతోందన్నమాట. వాళ్ళని అని లాభం లేదు. వాళ్ళు నోటితో చూశారు, డాక్టరుగారు చెవులతో పరీక్షించారు. డాక్టరుగారి మొహంలో కాసేపు నెత్తురుచుక్క లేదు. తర్వాత ఆయనకి ఒక దారి దొరికింది. వచ్చి డేగ భుజం తట్టారు.

"శభాష్! ఇంతమందిలో ఉన్నది ఉన్నట్టు చూసింది నువ్వొక్కడివే. లేని వరుస లేదన్నావు. డేగంటే డేగేనయ్యా!" అని బల్ల దగ్గరికి వెళ్ళి, చూపు బాగున్నట్టు రాయడానికి కలం తీశారు.

నిజం చెప్పినందుకు శిక్ష పడుతుందని వచ్చాడు డేగ, బహుమానం ఎదురైంది. టైర్ల గది తలుపు తనంతట తానే మూసుకుపోయింది. ఇప్పుడు చెయ్యవలసిన పని ఒక్కటే, నోరు మూసుకుని దండం పెట్టి బయటికి నడవడం. తను అబద్ధం కూడా ఆడలేదు. లోకంలో ఇంత తేలిగ్గా దక్కే అదృష్టం ఇంకోటి ఉండదు. ఎవరైనా ఏం చేస్తారు? నేనైతే దండం పెట్టి వచ్చేసేవాణ్ణి.

డేగ కదల్లేదు. అతనికి ఆగిపోయిన ముద్ద గుర్తొచ్చింది.

"సార్" అన్నాడు. "నాకు బీరువా కూడా కనబడలేదు."

తర్వాత జరిగినదానికి డిపోలో అతన్ని చాలాకాలం క్షమించలేదు. కొత్త చార్టు తెప్పించి అందరికీ మళ్ళీ పరీక్షలు పెట్టారు. దాదాపు సగం మంది స్టీరింగు దిగారు. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి" అని అతని ముందే అన్నారు. టైర్ల గదిలో టైర్లకి చోటు లేకపోయింది. నడిపేవాళ్ళు లేక బస్సులు నిలిచిపోయేసరికి, పైవాళ్ళకి ఈసారి అందరి సంగతీ తొందరగానే గుర్తొచ్చింది. అద్దాలు పెట్టుకున్నవాళ్ళని పెట్టుకున్నట్టే వెనక్కి పిలిచారు. డేగ మళ్ళీ సీటెక్కిన రోజున కండక్టరు వెనకనుంచి, "అన్నా, ముందు సీట్లో ఉన్నది మనిషా, మూటా?" అని బస్సంతా వినబడేలా అరిచాడు. మాట పడవలసిందే. డేగ అనే పేరు మాత్రం పోయింది. ఇప్పుడతన్ని అందరూ బీరువా అంటారు.

అద్దాలు వచ్చిన సాయంత్రం ఇంట్లో కూతురే వాటిని తండ్రి ముక్కు మీద సరిచేసి, "ఎదురుగా చూడు నాన్నా" అంది.

ఎదురుగా వంటింటి గుమ్మంలో, ఎప్పట్లాగే చేతిలో గరిటెతో భార్య నిలబడి ఉంది. అతను చూశాడు. చెంపల పక్కన జుట్టంతా తెల్లబడింది. నోటికి అటూ ఇటూ గీతలు పడ్డాయి. కళ్ళ కింద అలసట ఉంది. ఇన్నాళ్ళూ రోజూ ఆ గుమ్మంలో అతనికి కనబడిన మనిషి జుట్టు నల్లగా ఉండేది.

"నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?"

"ఎప్పుడో నెరిసింది. మీతో అన్నాను కూడా. మీకేం గుర్తుంటుంది గనక" అంది ఆమె. అతను చూపు తిప్పుకోకపోయేసరికి ఇబ్బందిపడి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమిటలా చూస్తారు? ఇంతకీ సబ్బు తెచ్చారా?"

తేలేదు. ఆ మాట చెప్పడం కూడా మరిచిపోయి, ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు.